ఎడమ కంటి కోసం ప్రార్థన

ఆదివారం లోపు కావలసినవి:

ఫ్లెక్సీ. కావలిలో ఆర్డరు ఇచ్చి శనివారం తెచ్చుకోవాలి. నవ్వుతున్న ఫోటో వద్దు, గ్లవ్స్ పైకెత్తినది ఇవ్వాలి.
శాలువా ఒకటి. దండలు రెండు, రెండోది ముఖ్య అతిథి హరినాథ్ గారికి.
షామియానా చెంచమ్మ గారి కల్లంలో వేసుకోవచ్చా అని ఆమెను అడగాలి.
మైకు, తెర, ప్రొజెక్టరు. ఫైనల్ వీడియో అందరికీ చూపించాలి.
భోజనాలు, మూడు వందల మందికి. వంటాయనకు ముందే చెప్పాలి.
సన్మాన పత్రం. రాయాలి, ప్రింటు తీయాలి, ఫ్రేము కట్టించాలి.

తిమోతి చేతిరాతలో ఉన్న ఆ కాగితం మీద గురువారం మధ్యాహ్నానికల్లా ఆఖరిది తప్ప అన్నిటికీ టిక్కులు పడ్డాయి, ఫ్లెక్సీకి ఆర్డరు కూడా వెళ్ళింది. పాళెంలో డిగ్రీ చదివిన మొదటివాడు తిమోతి. అందుకని ఎవరికి సన్మానం జరిగినా పత్రం రాసే పని అడక్కుండానే అతని మీద పడేది. రిటైరైన నర్సమ్మ గారిని 'కరుణామూర్తి' అన్నాడు. పాలకేంద్రంలో ముప్పై ఏళ్ళు చేసి దిగిపోయిన పెద్దాయనను 'క్షీరసాగర సేనాని' అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటని ఎవరూ అడగలేదు. ఆయన మాత్రం పత్రాన్ని ముందు గదిలో తగిలించుకుని, వచ్చినవాళ్ళందరి చేతా చదివించుకునేవాడు. పొగడడం తిమోతికి కష్టమైన పని కాదు.

ఈసారి మూడు రోజులుగా ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాడు. 'రాష్ట్ర స్థాయి మహిళల బాక్సింగ్ పోటీల్లో, యాభై నాలుగు కిలోల విభాగం ఫైనల్లో' అని రాస్తాడు. ఆ తర్వాత పెన్ను కదలదు. తను పనిచేసే గ్రామ సచివాలయంలో కుర్చీలోంచి లేస్తాడు. బయట కుళాయి దాకా పోయి నీళ్ళు తాగకుండానే తిరిగొస్తాడు. ఎవరిదో ధ్రువపత్రం సగం టైపు చేసి మళ్ళీ లేస్తాడు.

పాళెం కావలికి తూర్పున, రొయ్యల చెరువులు దాటాక, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. అక్కడి చర్చి వాళ్ళు ఆదివారం ఆరాధన ముగిశాక సన్మానం చేయబోతున్నది అబిగయీలుకు. పందొమ్మిదేళ్ళ పిల్ల, రాష్ట్ర విజేత. తల్లి రెబెక్కమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది. ఐసు నీళ్ళలో నానీ నానీ ఆమె వేళ్ళు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉంటాయి. తిమోతికి వరసకు పిన్ని.

అబిగయీలుకు బాక్సింగ్ నేర్పింది టైటస్. పదిహేడేళ్ళు సైన్యంలో ఉండి, అక్కడే ఆడి, తిరిగొచ్చాక పాత మేత గోడౌనులో ఇసుక సంచి వేలాడదీసి పాళెం పిల్లలను పోగేశాడు. చర్చి పెద్దల్లో ఒకడు కూడా. మొదట్లో ఇదంతా రగడే. కొట్టినవాణ్ణి క్షమించమని వారం వారం చెప్పే చోట కొట్టడం నేర్పేవాడు చర్చి పెద్దగా కూర్చోవడం ఏమిటని ఆరాధనకు వచ్చే ముసలావిడ మగ్దలీనమ్మ అందరి ముందూ అడిగింది. "దెబ్బలు తినడం మన పిల్లోళ్ళకి ఎవురూ నేర్పకుండానే వచ్చేసింది పెద్దమ్మా. నేను రెండోది నేర్పతా ఉండాను" అన్నాడు టైటస్. ఆ తర్వాత అబిగయీలు పతకాలు తేవడం మొదలుపెట్టింది, రగడ దానంతట అదే చల్లారింది. ఇప్పుడు ఫ్లెక్సీ కింది వరసలో తన ఫోటో ఉందో లేదో కనుక్కోమని మగ్దలీనమ్మే కబురు పంపుతోంది.

తిమోతి పెన్ను ఆగిపోవడానికి కారణం ఒక ప్రార్థన.

చర్చిలో ప్రతి బుధవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. రాలేనివాళ్ళు ఇంట్లో చేసుకోవడానికి వీలుగా విన్నపాల పట్టీని తిమోతి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఎవరికి జ్వరం, ఎవరి కోడలికి నెలలు నిండాయి, ఎవరి చెరువులో రొయ్యకు జబ్బు తగిలింది, అన్నీ అందులో ఉంటాయి. గ్రూపులో ఎనభై నాలుగు మంది. పోటీలకు వారం ముందు అబిగయీలు నెల్లూరు నుంచి ఫోన్ చేసింది. మూడు జిల్లాల అమ్మాయిలకు కలిపి అక్కడ శిబిరం పెట్టారు. తడ నుంచి వచ్చిన వినీలదీ తనదీ ఒకే గది. జిల్లాలు విడదీయక ముందు ఇద్దరూ ఒకే జట్టు. ఇప్పుడు తడ పక్క జిల్లాలోకి పోయింది కాబట్టి, ఫైనల్ దాకా వస్తే ఒకరినొకరు కొట్టుకోవాలి. ఆ వినీలకు సాధనలో ఎడమ కంటికి దెబ్బ తగిలిందట. కళ్ళు మూసుకున్నా మెరుపులు కనిపిస్తున్నాయట. డాక్టరుకు చెబితే ఇంటికి పంపేస్తారని దాచిపెట్టిందట.

"ఆ అక్క కోసం ప్రార్థన చెయ్ అన్నా. నువ్వొక్కడివే చెయ్. ఎవురికీ చెప్పబాక" అంది అబిగయీలు.

ఒక్కడి ప్రార్థన ఏం సరిపోతుంది, పదిమంది మోకరిస్తే పని తొందరగా అవుతుంది అనుకున్నాడు తిమోతి. చిన్నప్పటి నుంచి విన్నది అదే. పట్టీలో తొమ్మిదో వరసలో రాశాడు: వినీల, తడ, బాక్సర్, ఎడమ కన్ను, స్వస్థత కోసం. గంటలో అరవై పైచిలుకు ఆమెన్లు వచ్చాయి. వాటిలో టైటస్‌ది ఒకటి.

అనుకున్నట్టే ఫైనల్లో ఆ ఇద్దరే ఎదురుపడ్డారు. ఆ వీడియోను తిమోతి ఫోన్లో చాలాసార్లు చూశాడు కానీ, పత్రం కోసమని మంగళవారం మొదటిసారి చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాడు. రెండో రౌండు అయ్యాక అబిగయీలు స్టూలు మీద కూర్చుంది. టైటస్ ఆమె ముందు వంగాడు. జనం గోలలోంచి అతని గొంతు స్పష్టంగానే వినిపించింది. "నీ కుడి చెయ్యి. దాని ఎడమ కన్ను. అక్కడే కొట్టు. ఇంకేం చూడబాక."

మూడో రౌండులో అబిగయీలు అక్కడే కొట్టింది. తలకు కట్టుకునే గార్డు కంటికి అడ్డం రాదు. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో వినీల తల పక్కకు తిప్పి, కోడి ఒంటి కంటితో చూసినట్టు చూడడం మొదలుపెట్టింది. అబిగయీలు ఒక పక్కనుంటే ఆమె ఇంకో పక్క గాలిలో గుద్దింది. రిఫరీ ఆపేశాడు. ఆ తర్వాత వీడియోలో ఏమీ కనిపించదు. తీస్తున్న మనిషి ఎగిరి గంతేసినట్టున్నాడు, పైకప్పు రేకులు, ఈలలు, 'మన పాప, మన పాప' అన్న కేకలు.

వినీలకు కంటి వెనక పొర ఊడిపోయింది. చెన్నైలో ఆపరేషన్ చేశారు. చూపు వస్తుందని డాక్టర్లు గట్టిగా చెప్పడం లేదు.

ఆ దెబ్బకు గురి చూపించింది తన పట్టీ. ఈ సంగతి దాచి ఆదివారం మైకు ముందు పత్రం చదవగలడా? చెబితే, తనను డిగ్రీ దాకా మోసుకొచ్చిన ఆ జనం ముందు మళ్ళీ తలెత్తగలడా? తిమోతిని కుర్చీలో కూర్చోనివ్వనిది ఇదే.

గురువారం సాయంత్రం గోడౌనుకు పోయాడు. టైటస్ చిరిగిన ఇసుక సంచికి దబ్బనంతో కుట్లు వేస్తున్నాడు. పట్టీలో చదివే ఆ కన్ను చూపించావా అని తిమోతి కూర్చోకుండానే అడిగాడు. టైటస్ బుకాయించలేదు.

"చదివినాను. పంపింది నువ్వే గదా."

ప్రార్థన కోసం పంపాను అన్నాడు తిమోతి.

"ప్రార్థన కూడా చేసినాను. నిజంగానే చేసినాను రా. కానీ గంట కొట్టినాక నేను చర్చి పెద్దని కాదు. అవతలి మనిషికి యాడ నొస్తాదో చూడకపోతే ఇంక కోచ్ దేనికి? వాళ్ళ కోచ్ మన పిల్ల పక్కటెముకలు చూడలేదా?"

ఇది ఆట ఎట్లా అవుతుంది అన్నాడు తిమోతి.

"ఆటే. దెబ్బ ఉండే ఆట. దెబ్బ వద్దంటే చదరంగం నేర్పుతా, అప్పుడు మీరు ఫ్లెక్సీ కట్టరు." టైటస్ దబ్బనం పక్కన పెట్టాడు. "ఒకటి అడగతా. ఆ కంటి సంగతి అందరికంటే ముందు తెలిసింది నీకు. శిబిరంలో డాక్టరు ఉండాడు. ఆయనకి ఫోన్ ఎందుకు చెయ్యలా?"

తిమోతి సంచి కుట్టు చివర వేలాడుతున్న దారం పట్టుకుని లాగాడు.

"నేనూ చెయ్యలా. మన పిల్ల గెలవాలని చెయ్యలా. నాకొక కారణం ఉండాది, మంచిదో చెడ్డదో. మిగతా ఎనభై మందికి ఏం కారణం ఉండాది?"

ఇంటికి పోయే దారిలో తిమోతి బండి ఆపి ఆ పట్టీ కింద ఆమెన్ పెట్టినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చూశాడు. నర్సమ్మ గారి పేరు కనిపించింది. కంటిలో మెరుపులు కనిపిస్తే ఆస్పత్రికి పరిగెత్తాలని ఆమెకు తెలియదా? తెలుసు. కానీ పట్టీలో మెరుపుల సంగతి లేదు, ఎడమ కన్ను అని మాత్రమే ఉంది. వరస పొడుగవుతుందని తీసేసింది తనే. బండి స్టార్టు చేసి, మళ్ళీ ఆపి, చెరువు గట్టు మీద ఆ కొసకూ ఈ కొసకూ నడిచాడు.

శుక్రవారం సెలవు పెట్టి తడకు బయల్దేరాడు. ఫ్లెక్సీ పని అని ఇంట్లో చెప్పాడు. బస్సు కోసం నిలబడి ఉంటే షెడ్డుకు పోతూ రెబెక్కమ్మ ఆగింది. ఎక్కడికి పోతున్నాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ముఖం చూసి పట్టేసింది. అబిగయీలు పది రోజులుగా సరిగ్గా తినడం లేదనీ, సన్మానానికి రానంటోందనీ చెప్పి, వెళ్ళబోతూ అంది: "తడ పో, నేనేం వద్దనను. ఆ బిడ్డను చూడాల్సిందే. కానీ సన్మానం ఆపబాక నాయనా. ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డులో నన్ను ఏయ్ అని పిలస్తా ఉండారు. ఒక్క రోజు నా బిడ్డ పేరు మైకులో పలకనీ."

గూడూరులో రైలు మారి తడలో దిగేసరికి పదకొండు దాటింది. వినీల తల్లి పెంచలమ్మ అక్కడి ఫ్యాక్టరీల్లో ఒకదాని క్యాంటీన్‌లో వంట చేస్తుంది. కూతురి కోసం పనికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఒకటే గది. వినీల మంచం మీద బోర్లా పడుకుని, రెండు దిండ్ల నడుమ సందులో ముఖం పెట్టుకుని ఉంది. కంటిలో గాలి బుడగ పెట్టారట, అది పొరను నొక్కి పట్టడానికి రెండు వారాలు ముఖం కిందికే ఉంచాలట. అన్నం అట్లాగే, నిద్ర అట్లాగే.

"ఎవురుమా వచ్చింది?" అంది నేల వైపు చూస్తూనే.

కావలి కాడి నుంచి, అబిగయీలు వాళ్ళ అన్న అని తల్లి చెప్పింది.

"ఓ, ప్రార్థన అన్నా." నవ్వింది. అబిగయీలు రోజూ ఫోన్ చేస్తోందట, అంతా చెప్పేసిందట.

పైనుంచి మాట్లాడడం బాగోలేదని తిమోతి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అప్పటికీ ముఖం కనిపించలేదు, జడ మాత్రమే కనిపించింది. తను చేసింది మొదటి నుంచి చెప్పాడు. ఎవరికీ చెప్పవద్దన్నా చెప్పానని, డాక్టరుకు చెప్పాల్సి ఉన్నా చెప్పలేదని. ఆమె వింది.

"దాచింది నేనే గదన్నా. డాక్టరుకి తెలిస్తే మూట కట్టి పంపేసేవాళ్ళు. నాకు పోవాలని లేకపోయె."

అబిగయీలు మీద కోపం లేదా అని అడిగాడు.

"ఉండాది. ఎందుకుండదు? కానీ తగ్గి కొట్టి ఉంటే ఇంకా ఎక్కువుండేది."

సన్మానం, తెర మీద ఫైనల్ వీడియో, అన్నీ ఆపించేస్తాను అన్నాడు తిమోతి. ఆ మాట అనగానే వినీల కదిలింది, తల ఎత్తబోయి ఆగింది. "ఆపితే కన్ను తిరిగొస్తాదా? నన్ను కొట్టి గెలిచినదానికి చప్పట్లు కూడా లేకపోతే నేను దేనికి ఓడినట్టు?"

గడప దగ్గర నిలబడిన పెంచలమ్మ లోపలికి వచ్చింది. "ఏమైనా చేసుకోండి నాయనా, శాలువాలు కప్పుకోండి. ఆ బొమ్మ మాత్రం తెర మీద ఎయ్యబాకండి. నా బిడ్డ కనపడక గాల్లో చేతులాడిస్తా ఉంటాది. దానికి జనం ఈలలేస్తారు. ఒకసారి విన్నాను, చాలు."

అట్లాగేనని తిమోతి మాట ఇచ్చాడు. లేవబోతుంటే వినీల అడిగింది, పత్రం రాసేది నువ్వే గదా, అందులో నా పేరుందా అని. లేదన్నాడు. "రాయరులే. ఓడినోళ్ళ పేరు యాడా రాయరు" అని, తల్లిని నీళ్ళడిగింది. పెంచలమ్మ గ్లాసులో స్ట్రా వేసి మంచం కింది నుంచి పట్టుకుంది.

శనివారం తిమోతి పత్రం రాశాడు. ఒక్క పెద్ద మాట కూడా పడలేదు. ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, ఎవరికీ చూపించకుండా గుడ్డలో చుట్టి ఉంచాడు. సాయంత్రం అబిగయీలు ఇంటికి పోయి తడ వెళ్ళానని చెప్పాడు. ఆ పిల్ల ఒకటే అడిగింది, అక్క అన్నం తింటోందా అని. రేపు వస్తావా అని అడిగితే, వస్తాను గానీ ఎందుకు వస్తానో నాకే తెలీదు అంది.

ఆదివారం కల్లం నిండా జనం. తెర కట్టలేదేమని కుర్రాళ్ళు అడిగితే వీడియో వేయడం లేదని చెప్పాడు. వాళ్ళు గొణిగారు. హరినాథ్ గారు హైస్కూల్లో ఆటల మాస్టారుగా చేసి దిగినాయన, ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఇంటికొక పులిబిడ్డ పుట్టాలన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పాస్టరు గారు తిమోతి వైపు చూసి తల ఊపారు.

తిమోతి గుడ్డ విప్పి చదివాడు. ఒక చేత్తో మైకు స్టాండు పట్టుకున్నాడు.

"అబిగయీలుకు. యాభై నాలుగు కిలోల విభాగం ఫైనల్లో నువ్వు తడకు చెందిన వినీల మీద గెలిచావు. ఆమె ఎడమ కన్ను బాగాలేదని ఆ రోజుకు ముందే మాకు తెలుసు. మా గ్రూపులో ఎనభై నాలుగు మందిమి ఉన్నాం. ఆ సంగతి చదివి ఆమెన్ అన్నాం. ఒక్కరం కూడా డాక్టరుకు చెప్పలేదు. నువ్వు ఎవరికీ చెప్పవద్దన్న మాటను అందరి ముందూ పెట్టింది ఈ పత్రం రాసిన తిమోతి. ఆ కన్ను ఇప్పుడు చూడడం లేదు. ఆరేళ్ళు తెల్లవారకముందే లేచి నువ్వు ఇసుకలో పరిగెత్తిన మాట నిజం. నీ గెలుపు నిజం. రెండోది కూడా నిజం కనుక కలిపి రాసి ఇస్తున్నాం."

వంటల దగ్గర ఎవరో గరిటె కింద పడేశారు, ఆ చప్పుడు అందరికీ వినిపించింది. మగ్దలీనమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. నర్సమ్మ గారు చేతిలోని ఫోన్‌ను బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నారు. పెద్దల వరసలో టైటస్ లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చోలేదు. రెబెక్కమ్మ తిమోతి వైపు చూసిన చూపుకు అతను తల దించుకున్నాడు. ఆమె అడిగింది ఒక్కటే ఒక్కటి, అదీ ఇట్లా చేశాడు. హరినాథ్ గారు శాలువా మడత సగం విప్పి, కప్పాలా వద్దా అని పాస్టరు గారి వైపు చూస్తున్నారు.

అబిగయీలు తనే మైకు దగ్గరికి వచ్చింది.

"టైటస్ అన్న చెప్పకపోయినా నాకు తెలుసు. ఒకే గదిలో ఉన్నాం గదా. మొదట ఒకసారి చెయ్యి ఆగింది. మళ్ళీ ఆగలా. గెలవాలనుకున్నాను, కొట్టినాను." మైకును కొంచెం దగ్గరికి లాక్కుంది. "గెలిచినందుకు నాకిప్పుడు కూడా సంతోషంగానే ఉండాది. దానికే భయమేస్తా ఉండాది."

అంతే చెప్పి హరినాథ్ గారి ముందుకు పోయి తల వంచింది. ఆయన శాలువా కప్పారు. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కొట్టినవాళ్ళది తప్పని తిమోతి ఈనాటికీ అనలేడు. కొట్టనివాళ్ళదే ఒప్పని కూడా అనలేడు.

భోజనాలయ్యాక నర్సమ్మ గారు వచ్చి పెంచలమ్మ ఫోన్ నంబరు తీసుకున్నారు. రెబెక్కమ్మ చాలా రోజులు తిమోతితో మాట్లాడలేదు. ఇప్పుడు బుధవారం పట్టీలో ఏదైనా జబ్బు పేరు వస్తే, గ్రూపులో పెట్టే ముందు తిమోతి ఆ ఇంటికి పోయి ఆస్పత్రికి పోయారా అని అడుగుతాడు. అది అందరికీ నచ్చదు. పెద్ద డాక్టరు వచ్చినాడే అని వెనకనుంచి అంటారు. అబిగయీలు జాతీయ పోటీలకు సాధన చేస్తోంది, టైటస్ గోడౌనులోనే. ఆ పోటీ చూడడానికి పోవాలా వద్దా అన్నది తిమోతి ఇంకా తేల్చుకోలేదు. టిక్కెట్టు తీస్తాడు, రద్దు చేస్తాడు.

వినీల ఎడమ కంటికి వెలుతురు మాత్రం తెలుస్తోంది, మనుషులు తెలియడం లేదు. ఈ మధ్యే తడ దగ్గర ఒక కంపెనీలో పనికి కుదిరింది. తను బాక్సర్నని అక్కడ ఎవరికీ చెప్పలేదట. రాష్ట్ర పోటీల పుస్తకంలో రెండో స్థానం ఎదురుగా చిన్న అక్షరాల్లో ఆమె పేరు ఉంటుంది, అంతవరకు ఎవరూ చదవరు. మీరు అబిగయీలు పతకం ఫోటో ఎక్కడైనా చూస్తే సంతోషించండి, ఆ పిల్ల దానికి తగినదే. అప్పుడే ఇంకొక పేరు కూడా గుర్తు చేసుకోండి. వినీల, పెంచలమ్మ కూతురు, తడ.